సిటిజన్ సంబంధం

పెళ్లితో గ్రీన్ కార్డు వస్తుందని అందరికీ తెలుసు. అది ఎవరి సంతకంతో కదులుతుందో, ఎవరి అలకతో ఆగుతుందో, ఆగినప్పుడు ఏం చేయాలో మాత్రం పెళ్లి మాటల్లో ఎవరూ ఎత్తరు.

గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, చదువు, ప్యాకేజీ. ఆ కింద ఒకప్పుడు లేని గడి ఒకటి ఇప్పుడు అమెరికా సంబంధాల బయోడేటాల్లో కనిపిస్తోంది: వీసా స్టేటస్. అందులో ఏది రాస్తే ఏమవుతుందో మన ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా కంఠతా వచ్చేసింది. ‘ఓపీటీ’ (చదువయ్యాక దొరికే తాత్కాలిక పని అనుమతి) అంటే పెదవి విరుపు. ‘హెచ్1బీ’ అంటే సరే, చూద్దాం. ‘హెచ్1బీ, ఐ-140 అప్రూవ్డ్’ (కంపెనీ పెట్టిన గ్రీన్ కార్డు అర్జీకి ఆమోదం) అంటే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టొచ్చు. ‘జీసీ’ (గ్రీన్ కార్డు) అంటే జాతకాలు తీయండి. ‘సిటిజన్’ అంటే జాతకం కాస్త అటూ ఇటూ అయినా శాంతి చేయించుకుందాం.

ఈ మోజు ఊరికే పుట్టలేదు. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినంత బాగా మనవాళ్లకు దాని షరతులు తెలియవు.

వరుస లేని సంబంధం

ఉద్యోగాల కోటా కింద అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. మిగిలిపోతే తప్ప, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ అందులో 7 శాతం మించి దక్కకూడదు. ఐస్‌లాండ్‌కూ అదే ఏడు, ఇండియాకూ అదే ఏడు. 2025 ఆగస్టు వీసా బులెటిన్‌లో ఈబీ-2 అనే ఉద్యోగ వరుసలో భారతీయుల తేదీ 2013 జనవరి 1 దగ్గర ఉంది. పన్నెండేళ్ల కిందట అర్జీ పెట్టినవాళ్లకు అప్పుడు పిలుపు వస్తోందన్నమాట. ఈలోగా వాళ్ల వెంట పసివాళ్లుగా వెళ్లిన పిల్లలు ఇరవై ఒకటి దాటి, తండ్రి దరఖాస్తు నీడలోంచి బయటికి వచ్చేస్తున్నారు.

అమెరికా పౌరుడి భార్యకు, పౌరురాలి భర్తకు ఈ వరుసతో పని లేదు. జాతీయతల కోటాలను తీసేసిన 1965 చట్టం నాటి నుంచీ భార్యాభర్తలు, పెళ్లికాని మైనరు పిల్లలు, తల్లిదండ్రులు ‘ఇమ్మీడియట్ రిలేటివ్స్’ లెక్కలోకి వస్తారు. వాళ్లకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. కాగితం కదలడానికి ఏడాదో ఏడాదిన్నరో పట్టొచ్చు. అయినా పన్నెండేళ్ల పక్కన అదెంత?

పెళ్లి మాటల్లో ‘జీసీ’ని, ‘సిటిజన్’ని ఒకే గాటన కట్టేయడం మామూలే. చట్టం కట్టదు. గ్రీన్ కార్డు ఉన్న అబ్బాయి భార్య ‘ఎఫ్2ఏ’ అనే వేరే వరుసలోకి వెళ్తుంది. దానికి ఏటా పరిమితి ఉంటుంది, తేదీలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ఇంకో పెద్ద తేడా ఉంది. విద్యార్థిగానో విజిటర్‌గానో సక్రమంగా దేశంలో అడుగుపెట్టి గడువు దాటి ఉండిపోయిన మనిషి పౌరురాలిని పెళ్లి చేసుకుంటే ఆ దాటిన గడువును చట్టం చాలావరకు మన్నిస్తుంది. అక్కడే ఉండి కార్డుకు దరఖాస్తు చేసుకోనిస్తుంది. గ్రీన్ కార్డుదారును పెళ్లి చేసుకుంటే ఆ మన్నింపు లేదు. దొంగదారిన సరిహద్దు దాటి వచ్చినవాళ్లకైతే పౌరురాలితో పెళ్లయినా సాధారణంగా ఆ వెసులుబాటు దొరకదు. వాళ్లు దేశం విడిచి వెళ్లి వీసా తెచ్చుకోవాలి. ఏడాదికి మించి అక్రమంగా ఉండి వెళ్లారా, మినహాయింపు దొరికితే తప్ప పదేళ్లదాకా తిరిగి రాలేరు. 1996లో తెచ్చిన నిబంధన అది.

బయోడేటాల్లో ఎవరూ పట్టించుకోని చిన్న గడి మరొకటి ఉంది: పుట్టిన ఊరు. ఉద్యోగ కోటా వరుసలో చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన దేశాన్ని. భర్త బాపట్లలో పుట్టి, భార్య కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి ఉంటే, భర్త దరఖాస్తును భార్య పుట్టిన దేశం ఖాతాలో వేయమని అడగొచ్చు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది భారత పాస్‌పోర్టే అయినా సరే. నాన్న గల్ఫ్‌లో పనిచేసిన రోజుల్లో అక్కడి ఆసుపత్రిలో పుట్టిన పిల్లకు ‘సిటిజన్’ కాకుండానే ఇంత విలువ ఉందని ఆ ఇంట్లో వాళ్లకే తెలిసి ఉండదు. తెలిస్తే మాత్రం దాన్నీ బయోడేటాలో మొదటి వరుసకు ఎక్కిస్తారని నా అనుమానం.

మొదట ఎక్కడ కలిశారు?

పౌరుడైన భర్త ఐ-130 అనే అర్జీ పెట్టాలి: ఈమె నా భార్య, ఇదిగో రుజువు అని. భార్య హెచ్-4 మీదో, ఎఫ్-1 మీదో అప్పటికే అమెరికాలో ఉంటే దాంతో పాటే గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద పెట్టే ఐ-130కి ఫీజు 675 డాలర్లు, ఐ-485కి 1,440. పనిచేసుకునే అనుమతికి, వైద్య పరీక్షకు, వకీలుకు అయ్యేది వేరే. భార్య ఇండియాలోనే ఉంటే ఫైలు న్యూ హ్యాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌ మీదుగా తిరిగి ఇక్కడికొస్తుంది. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ కట్టినా, ఈ రకం ఇంటర్వ్యూకు మనవాళ్లు సాధారణంగా ముంబై వెళ్లాల్సిందే.

ఆ ఐ-130 ఫారంలో ఒకచోట, భార్యది రోమన్ లిపి లేని భాషైతే ఆమె పేరు, చిరునామా ఆ లిపిలోనే రాయమంటారు. పేజీలకు పేజీల ఇంగ్లిష్ నడుమ ఆ ఒక్కచోట తెలుగు అక్షరాలు పడతాయి. మిగతా చోట్లన్నీ తలనొప్పే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనకుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. ఒకే మనిషి మూడు పేర్లతో తిరుగుతుంది. ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ కావాలి. జనన ధ్రువపత్రం లేకపోతే ‘రికార్డులో లేదు’ అని మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో కాగితం, దానికి తోడు తల్లిదండ్రుల ప్రమాణ పత్రాలు కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే దాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినా, అమెరికా ఫైలు మొదలయ్యేదాకా ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియని ఇళ్లు కోకొల్లలు.

ఈ కాగితాలన్నీ తేలిక. కష్టమంతా ఆ తర్వాతే. పెళ్లి జరిగిందని రుజువు చేస్తే సరిపోదు, అది నిజమైన పెళ్లి అని రుజువు చేయాలి. కలిసి బతకాలన్న ఉద్దేశం పెళ్లి నాటికి ఇద్దరికీ ఉందా? 1970ల నుంచి అమెరికా కోర్టులు పట్టుకున్న కొలబద్ద ఇదే. మనసులో ఉన్నదాన్ని అధికారి బల్ల మీద ఎలా పెట్టాలి? ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేరున అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఆరోగ్య బీమా, కలిపి వేసిన పన్ను రిటర్ను, ఫొటోలు. మన ఫైళ్లలో వీటి మీద శుభలేఖ ఒకటి కూర్చుంటుంది, మొత్తం ఇంగ్లిష్ అనువాదంతో సహా. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, ఆరేడు వందల మంది బంధువులు. పెళ్లి అయిందా లేదా అన్న సందేహం ఆ ఆల్బమ్ చూసిన ఏ అధికారికీ రాదు. అయితే ఆయన వెతికేది అది కాదు. పెళ్లికి ముందు ఈ ఇద్దరి మధ్యా ఏముంది? మన ఆల్బమ్‌లో ఖాళీగా ఉండే పేజీ అదే.

డాలస్ దగ్గర ఉండే ఓ జంట చెప్పిన ముచ్చట ఇది. అబ్బాయి న్యూజెర్సీలో పుట్టినవాడు, అమ్మాయిది తెనాలి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: మీరిద్దరూ మొదట ఎక్కడ కలిశారు? అబ్బాయి ‘ఆన్‌లైన్‌లో’ అన్నాడు. అదే క్షణంలో అమ్మాయి ‘మా పెద్దమ్మగారింట్లో’ అంది. అధికారి కలం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెళ్లి ప్రస్తావన ముందు తెచ్చిందెవరు అన్నది రెండో ప్రశ్న. ఈసారి ఇద్దరూ ఒకే మాట చెప్పారు: ‘మా మావయ్య’. కాకపోతే అబ్బాయి చెప్పింది వాళ్ల మావయ్య గురించి, అమ్మాయి చెప్పింది వాళ్ల మావయ్య గురించి.

బయటికొచ్చాక పార్కింగ్‌లో అమ్మాయి నిలదీసింది.

“ఆన్‌లైన్ అన్నారేంటండీ? నేనేదో యాప్‌లో దొరికినట్టు!”

“ముందు చూసుకున్నది వీడియో కాల్‌లోనే కదా?”

“అది చూసుకోవడం. పెళ్లిచూపులు పెద్దమ్మ వాళ్లింట్లో అయ్యాయి. అప్పుడు కదా కలిసింది!”

కార్డు వచ్చింది. పెద్దలు కుదిర్చిన పెళ్లి అన్న కారణంగా కాదనే నిబంధన ఏదీ లేదు. ప్రేమించి చేసుకుని తీరాలని చట్టం అనదు, కలిసి బతకాలని మాత్రమే అంటుంది. కాకపోతే ప్రశ్నలు మాత్రం ప్రేమకథను మనసులో పెట్టుకుని తయారైనవే. అందుకే మన జంటలు సిగ్గుపడి కథలు అల్లకూడదు. కాఫీ షాపులో అనుకోకుండా కలిశామని చెప్పేకంటే, పెద్దమ్మగారింట్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో చెప్పడం మేలు. నిజానికి వివరాలు ఎక్కువ. రెండు కుటుంబాలు నెలల తరబడి నడిపిన వాట్సాప్ సందేశాలు, నిశ్చితార్థం తేదీ, ఎవరెవరు వెళ్లి చూసొచ్చారన్న లెక్క, ఇవన్నీ సాక్ష్యాలే.

అనుమానం బలపడితే జంటను విడదీసి వేర్వేరు గదుల్లో అవే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తారు. న్యూయార్క్‌లో దీన్ని స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు. అది పుట్టింది 1976 నాటి ఒక కేసు రాజీలో. మంచానికి ఎవరు ఏ పక్క పడుకుంటారు, రాత్రి ఏం తిన్నారు, టూత్‌బ్రష్ రంగేమిటి, పొద్దున ముందు లేచేదెవరు. 1990లో పీటర్ వియర్ తీసిన ‘గ్రీన్ కార్డ్’ సినిమా అంతా ఈ పరీక్ష చుట్టూ తిరిగేదే. అందులో ఉత్తుత్తి భర్త, ఆమె ముఖానికి రాసుకునే క్రీము పేరు గుర్తురాక దొరికిపోతాడు. మన ఇళ్లలో పాతికేళ్లు కాపురం చేసిన మగాళ్లలో ఎంతమంది ఆ ప్రశ్న గట్టెక్కుతారన్నది వేరే సంగతి.

వెయ్యి అబద్ధాలు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు మన పెద్దలు. ఈ విషయంలో అమెరికా చట్టం వాళ్లతో ససేమిరా ఏకీభవించదు. ఇమిగ్రేషన్ కోసమే దొంగపెళ్లి చేసుకున్నట్టు తేలితే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. జైలు కంటే పెద్ద శిక్ష మరొకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఒకసారి ఆ ముద్ర పడితే ఆ మనిషి పేరు మీద తర్వాత ఎవరు ఏ అర్జీ పెట్టినా తిరస్కరించాల్సిందే. అయిదేళ్ల తర్వాత నిజంగానే ఒకరిని ఇష్టపడి పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లలను కన్నా సరే. 2024 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చిన బువార్ఫా కేసు ఇలాంటిదే. భార్య పౌరురాలు. ఆమె అర్జీని ముందు ఆమోదించి, భర్త పాత పెళ్లి బూటకమని చెప్పి తర్వాత రద్దు చేశారు. ఆ రద్దు ఇమిగ్రేషన్ శాఖ విచక్షణ, దాన్ని కోర్టులు సమీక్షించలేవని తీర్పు వచ్చింది.

ఇలాంటి దొంగపెళ్లిని మనవాళ్లు ‘కాంట్రాక్ట్ మ్యారేజ్’ అంటారు. పార్ట్‌నర్‌షిప్ వ్యాపారంలా వినిపిస్తుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగి చాలామంది ఆంధ్ర విద్యార్థుల స్టేటస్ ఒక్కసారిగా పోయింది. 2019లో మిషిగన్‌లో, ప్రభుత్వమే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో చేరిన మన పిల్లలు రోడ్డున పడ్డారు. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడల్లా ‘ఒక సిటిజన్‌ను చూస్తాం, ఇంత ఖర్చవుతుంది’ అనే మనుషులు ఎక్కడినుంచో పుట్టుకొస్తారు. వాళ్లు చెప్పని విషయం ఏమిటంటే, డబ్బు తీసుకున్న ఆ పౌరురాలు రేపు పోలీసులకు పట్టుబడితే తన శిక్ష తగ్గించుకోవడానికి మొదట చెప్పే పేరు మీదే.

ఇంకో ఉచ్చు మన ఊళ్లలోనే ఉంటుంది. ఇక్కడ గుళ్లో తాళి కట్టి, రిజిస్టర్ చేయలేదు కనుక ఆ పెళ్లి లెక్కలోకి రాదనుకుని అక్కడ కార్డు కోసం మరో పెళ్లికి సిద్ధపడేవాళ్లున్నారు. హిందూ వివాహ చట్టం ప్రకారం సంప్రదాయబద్ధంగా జరిగిన పెళ్లి రిజిస్టర్ కాకపోయినా పెళ్లే. మొదటిది చెల్లుతుంది కాబట్టి రెండోది చెల్లదు. రెండోది చెల్లనప్పుడు దాని మీద వచ్చిన కార్డూ నిలవదు.

పోనీ, అమెరికాలోనే విడాకులు తీసుకుంటే? 1975లో తిరుపతిలో పెళ్లయిన ఓ జంట కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. మన వివాహ చట్టంలో లేని కారణం మీద, ఆ కోర్టు పరిధికి భార్య ఒప్పుకోకుండా, పరాయి దేశంలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. ‘రెండో సంబంధం, సిటిజన్’ అని ఎవరైనా తెస్తే, ఆయన మొదటి విడాకుల కాగితం ఏ కోర్టుదో, అప్పుడు ఆ మొదటి భార్య ఎక్కడుందో చూడటం మర్యాద తక్కువ పనేం కాదు.

సంతకం ఎవరిది?

ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దొంగపెళ్లిళ్లు కాదు, అసలు పెళ్లిళ్లు.

అర్జీ పెట్టేది పౌరుడు. కార్డు చేతికందేలోగా ఆ అర్జీని వెనక్కి తీసుకునే హక్కూ అతనిదే. ఆమె పని అనుమతి, ప్రయాణ అనుమతి, దేశంలో ఉండే హక్కు అన్నీ ఆ ఒక్క అర్జీకి వేలాడుతుంటాయి. ఐ-485 నడుస్తుండగా అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి పత్రం లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క (హెచ్, ఎల్ వీసాలు బతికి ఉన్నవాళ్లకు మినహాయింపుంది). ఊళ్లో తండ్రి పోయాడని ఫోనొస్తే పదకొండో రోజుకైనా వెళ్లాలా, కార్డు చూసుకోవాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆసుపత్రి లేఖో మరణ పత్రమో పట్టుకుని స్థానిక ఇమిగ్రేషన్ కార్యాలయంలో అత్యవసర అనుమతి అడగొచ్చన్న సంగతి ఆ కంగారులో చాలామందికి తట్టదు.

అమ్మాయి పౌరురాలైతే ఇదంతా తిరగబడుతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని చేసుకుని వెళ్లే హైదరాబాద్ అబ్బాయిది అచ్చం ఇల్లరికపు అల్లుడి పరిస్థితి: మర్యాదకు లోటుండదు, మాటకు విలువుండదు. కార్డు వచ్చేదాకా నోరు కట్టుకుని కూర్చోవడం మగాడికి కొత్త. ఆడవాళ్లకు పాతదే.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే కార్డు వస్తే అది షరతులతో కూడిన కార్డు, గడువు రెండేళ్లు. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి సంతకం చేసి ఐ-751 పెట్టాలి: మేమింకా కలిసే ఉన్నామని. ఈ నిబంధన వెనక ఒక వింత చరిత్ర ఉంది. 1985లో ఇమిగ్రేషన్ కమిషనర్ అలన్ నెల్సన్ సెనేట్ ఉపసంఘం ముందుకొచ్చి, పెళ్లి ద్వారా వచ్చే దరఖాస్తుల్లో 30 శాతం బూటకమన్నాడు. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. ఆ 30 శాతం నిరూపితమైన మోసాల లెక్క కాదు, అధికారుల అనుమానాల లెక్క. గణాంకాల పరంగా ఆ లెక్కకు ఆధారమైన సర్వే నిలవదని తర్వాత ఆ శాఖే ఒప్పుకోవాల్సి వచ్చింది. లెక్క పోయింది, చట్టం మిగిలింది. ఇప్పటికీ ప్రతి కొత్త కోడలూ ఆ లెక్కకు రెండేళ్లు కాపలా కాస్తోంది. నిజానికి రెండేళ్లతో కూడా పోవడం లేదు. 2023 జనవరి నుంచి ఐ-751 రసీదు పాత కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తోంది. పరిశీలన ఎంత నత్తనడకన సాగుతోందో శాఖ తానే చెప్పుకున్నట్టుంది.

పెళ్లిని బట్టి ఆడదాని పౌరసత్వం తూచడం అమెరికాకు కొత్త కూడా కాదు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికన్ మహిళ తన పౌరసత్వం పోగొట్టుకునేది. 1922లో దాన్ని సడలించారు గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ని చేసుకుంటే మాత్రం పోయినట్టే. మరుసటి ఏడాది భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ అర్హత లేనివాళ్లేనని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడిన మేరీ కీటింజ్ అలా సొంత దేశంలో పరాయిదైంది. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఆ 1920ల్లోనే బోస్టన్ చేరారు. ఇక్కడ ఉండిపోయిన భార్య శేషగిరిని ఆయన మళ్లీ చూడలేదు. 1948లో కన్నుమూసేదాకా ఆయన అమెరికాలో విదేశీయుడిగానే ఉన్నారు. భారతీయులకు పౌరసత్వపు తలుపు కాస్త తెరుచుకున్నది 1946లో. అదీ ఏడాదికి వంద మంది రాకకు మాత్రమే.

ఇప్పుడు తలుపు పెద్దదే. అయినా పౌరులకు తమ జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకునే ప్రాథమిక హక్కు లేదని 2024 జూన్‌లో మునోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగే హక్కు ఉంది. అంతవరకే.

అతని సంతకం లేకుండా

‘నీ కార్డు నా చేతిలో ఉంది’ అనే మాట ఎన్ని ఇళ్లలో వినబడుతోందో లెక్క తీసినవాళ్లు లేరు. ఆ మాట అన్నవాడికి పూర్తిగా నిజం తెలియదు, విన్నామెకు అసలే తెలియదు.

1990లో, ఆ తర్వాత 1994లో అమెరికా కాంగ్రెస్ ఈ పట్టును కొంత సడలించింది. భర్త కొట్టినా, తీవ్రమైన క్రూరత్వం చూపినా, అతని సంతకం, అతని అర్జీ లేకుండానే భార్య సొంతంగా ఐ-360 అనే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి శాఖ భర్తకు తెలియనివ్వకూడదు, అతను చెప్పిన మాటలనే నమ్మి ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదు. భర్తలకూ ఈ దారి ఉంది, 1994 చట్టం పేరులో ‘మహిళలు’ అని ఉన్నా సరే. షరతుల కార్డు ఉన్నవాళ్లు విడాకులైపోతే, పెళ్లి నిజాయతీగా చేసుకున్నదేనని చూపించి ఐ-751ను ఒంటరిగా పెట్టుకోవచ్చు. దానికి 90 రోజుల గడువు కోసం చూడక్కర్లేదు. పౌరుడైన భర్త చనిపోతే భార్య కేసు కూడా దాంతోపాటే పోయే దుర్మార్గం ఒకటి ఉండేది. 2009లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆమె రెండేళ్లలోగా తానే అర్జీ పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసింది ఐ-864. కార్డు కోసం పౌరుడు సంతకం చేసే పోషణ హామీ పత్రం అది. భార్య ఆదాయం ప్రభుత్వ పేదరిక రేఖకు 125 శాతం కంటే దిగువకు పడిపోకుండా చూస్తానని దాని అర్థం. 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి ఏడాదికి సుమారు 26,400 డాలర్లు. భర్తలు దాన్ని ఇంకో ఫారం అనుకుని సంతకం పెట్టేస్తారు. విడాకులైనా ఆ బాధ్యత తీరదు. ఆమె పౌరురాలు అయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు ఆమె ఖాతాలో పడేదాకా, లేదా ఆమె కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకా అది కొనసాగుతుంది. ఆమె దాని మీద కోర్టుకెళ్లి డబ్బు రాబట్టుకోవచ్చు. ‘పుట్టింటికి పంపేస్తా’ అనే మనిషి తాను ఏ కాగితం మీద సంతకం పెట్టాడో ఒకసారి తీసి చదువుకుంటే మంచిది.

సాయం చేసేవాళ్లూ ఉన్నారు. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్నాయి. హ్యూస్టన్‌లో దయ, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి ఉన్నాయి. ఇక్కడ తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది. ఇమిగ్రేషన్ వకీలు విషయంలో ఒక్క జాగ్రత్త: భర్త పెట్టిన వకీలు ఇద్దరి తరఫునా పనిచేస్తున్నట్టు కనిపిస్తాడు. కాపురం బెసికినప్పుడు ఆమెకు వేరే వకీలు ఉండాలి.

అన్నీ సజావుగా సాగితే, కార్డు వచ్చిన మూడేళ్లకు, ఆ మూడేళ్లూ పౌరుడైన భర్తతో కలిసే ఉంటే, ఆమె పౌరసత్వానికి అర్హురాలవుతుంది. మిగతావాళ్లకు అయిదేళ్లు. పౌరసత్వం వచ్చిన రోజు నుంచి పుట్టింటివాళ్ల కోసం అర్జీ పెట్టే అధికారం ఆమెకూ వస్తుంది. ముందుగా అమ్మానాన్నల కోసం, తర్వాత తమ్ముడి కోసం. తమ్ముడి వరుస భారతీయులకు పదిహేనేళ్లు దాటే ఉంటుంది. అది తెలిసీ బంధువులంతా ఆ వారమే ఫోన్లు చేస్తారు.

అబ్బాయి ‘సిటిజన్’ అని నమ్మించి, తీరా చూస్తే గ్రీన్ కార్డు అని, ఒక్కోసారి అదీ కాదని తేలిన కేసులు ఎన్నారై ఫిర్యాదుల్లో కొత్తేమీ కాదు. అమెరికా పాస్‌పోర్టునో న్యాచురలైజేషన్ సర్టిఫికెట్‌నో చూపించమనడం తాంబూలాలకు ముందే కావాలి. పెళ్లయ్యాక అడగాల్సింది మరొకటి ఉంది. ఐ-130 అందగానే ఇమిగ్రేషన్ శాఖ ఐ-797 అనే రసీదు పంపుతుంది. దాని మీద 13 గుర్తుల నంబరు ఉంటుంది: మూడు ఇంగ్లిష్ అక్షరాలు, పది అంకెలు. ఆ నంబరు తెలిసినవాళ్లెవరైనా శాఖ వెబ్‌సైట్‌లో కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు, పాస్‌వర్డ్‌తో పని లేదు. ‘పెట్టేశానన్నాడు, ఇంకా రాలేదట’ అని రెండేళ్లుగా ఎదురుచూస్తున్న అమ్మాయిల్లో కొందరి పేరు మీద అసలు అర్జీయే ఉండదు. కట్నం లెక్కలు, లాంఛనాల లెక్కలు నోరారా మాట్లాడుకునే మనం ఆ రసీదు కాపీ అమ్మాయికి పంపమని అల్లుడిని అడగడానికి మాత్రం మొహమాటపడతాం.